చిటికెడు మేత

ఏలూరులో బండి కదిలీ కదలగానే అడిగారాయన, అందులో ఏముంది స్టెల్లా అని. చేపలండీ, గూడెంలో జయంత్‌కి ఇచ్చి వద్దామని తీసుకెళ్తున్నాం అని చెప్పింది. ఆహా అని కిటికీ వైపు తిరిగారు. పట్టాల పక్క ఇళ్ళ పెరళ్ళు అయిపోయి చేలు మొదలయ్యేలోపే మళ్ళీ ఇటు తిరిగి, అందులో ఏముంది అన్నారు. ఒళ్ళో మూతపెట్టిన తెల్ల బకెట్టు, మూతకి కన్నం, కన్నంలోంచి సన్నటి గొట్టం, గొట్టం చివర బ్యాటరీ మీద నడిచే గాలిపంపు ఆమె చేతిసంచిలో తుమ్మెద చిక్కుకున్నట్టు గుయ్యిమంటోంది. చుట్టూ పాత తువ్వాలు చుట్టింది, నీళ్ళు చల్లబడకుండా. లోపల మిగిలినవి రెండంటే రెండు చేపలు, నారింజ ఒంటి మీద తెల్ల పట్టీలవి, పిడికిలంత రాయి ఒకటి, దాని మీద చొక్కా గుండీలంత పగడపు పూలు. అవి ఈపాటికి ముడుచుకుని ఉంటాయి, కాస్త కుదిపితే చాలు ముడుచుకుంటాయవి. కారులో వెళ్దామంటే ధైర్యం చాలలేదు, పోయిన నెల బెజవాడ డాక్టరు దగ్గరికి వెళ్తుంటే హనుమాన్ జంక్షన్ దాటాక, ఇల్లొచ్చేసింది కదా అని నడుస్తున్న కారు తలుపు తియ్యబోయారు. రైలైతే తలుపుకి దూరంగా కూర్చోబెట్టొచ్చు, కిటికీ ఉంటే చాలు ఆయనకి. ఇంట్లో వదిలి రావడానికి ఎవరున్నారని, ఉన్న ఒక్క మనిషినీ తనే పంపేసింది. ఆ సంగతి ఇప్పుడు తలుచుకోకూడదనుకుంది, నీళ్ళు ఒలకకుండా చూసుకోవాలి, అంతే, గూడెం దాకా గంట, ఒక్క గంట నీళ్ళు ఒలక్కుండా.

ముప్పై ఒక్కేళ్ళు సోషల్ చెప్పింది స్టెల్లా, ఎయిడెడ్ స్కూల్లో. అదే పాఠం ఏటేటా కొత్తపిల్లలకి మొదటిసారి చెబుతున్నట్టే చెప్పడం ఆమెకి చేతనైన విద్య. ఇదీ అంతేగా, ఒక్కరే విద్యార్థి, ఒక్కటే ప్రశ్న, విసుక్కోకుండా చెప్తే సరిపోతుందిలే అని మొదట్లో అనుకుంది. కానీ ఆ పిల్లల్లో విన్నది ఎక్కడో ఒకచోట నిలిచేది, ఈయనకి చెప్పింది చెప్పినచోటే ఆవిరైపోతుంది. దెందులూరులో జామకాయల గంప ఒకటి ఎక్కింది, పెట్టె నిండా జామకాయల వాసన. ఆయన గంపకేసి చూసి, బకెట్టుకేసి చూసి నోరు తెరవబోతుంటే, చేపలండీ అంది ముందే. నేనింకా అడగలేదే అని నవ్వారు. ఆ నవ్వు మాత్రం చెక్కు చెదరలేదు, కాలేజీ స్టాఫ్‌రూములో, చర్చి మెట్ల మీద, పెళ్ళిచూపులనాడు వాళ్ళ నాన్న పక్కన కూర్చుని మీరేం చదువుకున్నారండీ అని అడిగినప్పుడు నవ్విన నవ్వే అది. మనిషిలో ఏది ముందు పోతుందో ఏది చివరిదాకా ఉంటుందో ఎవరు నిర్ణయిస్తారో.

దాళ్వా నాట్లు పడిన మళ్ళ అవతల, దక్షిణంగా, చేపల చెరువుల గట్లు కనిపిస్తున్నాయి. ఆ గట్ల వెనక ఎక్కడో ఆయన పుట్టిన కొల్లేటి లంక. మామగారు యోసేపు వారమంతా వల వేసేవారు, ఆదివారం చర్చిలో గంట కొట్టేవారు. పడవ అంచున వేలాడి కొల్లేటి నీళ్ళు దోసిలితో తాగేవాళ్ళమనీ, అడుగున రొయ్యపిల్ల నడుస్తుంటే కనపడేదనీ ఆయన ఎన్నిసార్లు చెప్పారో. తర్వాత చెరువులు తవ్వారు, కోళ్ళపెంటా, సూపర్ ఫాస్ఫేటూ దింపి నీళ్ళు పచ్చబడేదాకా వేశారు, పచ్చనీళ్ళల్లో చేప ఒళ్ళు చేస్తుందని. ఆ నీళ్ళు సరస్సులోకి వదిలితే గుర్రపుడెక్క పడవ కదలకుండా కమ్మేసింది. నీళ్ళకి తిండెక్కువైతే ముందు పచ్చబడతాయి, తర్వాత ఊపిరాడక చస్తాయి అని ఇంటర్ పిల్లలకి జువాలజీలో చెప్పేవారట. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విందో, విని ఉండి కూడా తనకెందుకు తట్టలేదో.

రిటైరయిన ఏడాది ముందుగదిలో నాలుగడుగుల గాజుతొట్టి పెట్టించారు. మంచినీళ్ళ చేపలు కాదు, సముద్రం. పన్నెండో ఏట పేరుపాలెంలో మొదటిసారి సముద్రం చూసినప్పటి నుంచీ ఉన్న కోరికట, ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ ఏడాదే బయటపెట్టారు. ఉప్పు కలిపిన నీళ్ళు నెల్లాళ్ళు ఊరికే తిప్పారు, ఏమీ లేకుండా. ఖాళీ నీళ్ళెందుకండీ చూస్తారు అంటే, ఖాళీ కాదు, ఇప్పుడే కంటికి కనపడని ప్రాణులు కాపురం పెడుతున్నాయి అన్నారు. పిల్లల్లేని ఇల్లు వాళ్ళది. తర్వాత ఆయన పాత శిష్యుడు జయంత్, ఇప్పుడు గూడెం ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తున్నాడు, తన తొట్టిలో పెరిగిన పగడపు ముక్క ఒకటి కత్తిరించి తెచ్చిచ్చాడు. అది తెరుచుకున్న సాయంత్రం ఆయన ఆమెని వంటింట్లోంచి చెయ్యి పట్టి లాక్కొచ్చారు, పొయ్యి మీద పప్పు మాడింది, మాడనియ్యి అన్నారు. రెండు కుర్చీలు తొట్టి ముందు అలా పడ్డవి మళ్ళీ తియ్యలేదు. మేత మాత్రం ఆయనే వేసేవారు, ఎవర్నీ వెయ్యనిచ్చేవారు కాదు, పొద్దున్న ఎనిమిదింటికి ఒక్కసారి, చిటికెడు. ఉప్పెక్కువైతే కూర పారబోస్తాం, మేతెక్కువైతే సముద్రమే పారబొయ్యాలి అనేవారు.

నాచు మూడో ఏడు వచ్చింది. మొదట రాళ్ళ మీద పసిపిల్లల నూగులా, చూడ్డానికి బాగానే ఉంది. పదిహేను రోజుల్లో జుట్టయింది, పచ్చటి జుట్టు, నీటి వాలుకి ఊగుతూ, పగడాల మెడ చుట్టూ పేనుకుంటూ. స్టెల్లా చీర కుచ్చెళ్ళు దోపుకుని దిగింది ఆ పనిలోకి. మోచేతుల దాకా నీళ్ళల్లో ముంచి పళ్ళు తోముకునే బ్రష్షుతో రాళ్ళు రుద్దేది, ఊడిన పోచలు మళ్ళీ అంటుకోకుండా గొట్టంతో పీల్చి బయటికి లాగేది, ఆయన పక్కన నిలబడి టార్చి పట్టుకునేవారు. ఆదివారం చర్చి నుంచి రాగానే గాజుబుడ్డిలో నీళ్ళు పట్టి చుక్కలు వేసేది, ఫాస్ఫేట్ ఎంతుంటే అంత నీలం తిరుగుతుంది, ప్రతి ఆదివారం కిందటి ఆదివారం కంటే ముదురు నీలం. నీళ్ళు వడగట్టే మిషన్‌లో ఫిల్టర్లన్నీ మార్పించింది. నాచు తినే నత్తలు తెప్పించింది, అవి తిన్నకొద్దీ వెనకాల మొలిచింది. లైటు పది గంటల నుంచి ఆరు గంటలకి తగ్గించింది. మూడ్రోజులు తొట్టికి రగ్గు కప్పి చీకటి చేసింది, రగ్గు తీసిన రోజు రాళ్ళు తెల్లగా మెరిసి, వారం తిరిగేసరికి మళ్ళీ పచ్చ. పనిచేసే వెంకటనరసమ్మ చీపురు పట్టుకుని నిలబడి చూసి, మా వూళ్ళో పచ్చబడాలని ఎరువులేత్తారు టీచరమ్మగారూ, మీరేంటో పీకేత్తన్నారు అని ఆశ్చర్యపోయేది. ఫోన్లో జయంత్ ప్రతిసారీ ఒకటే అడిగేవాడు, మేత ఎంత వేస్తున్నారు మేడమ్ అని. రోజుకొక్కసారి, చిటికెడు. అలాగైతే కుదరట్లేదు మేడమ్, ఎక్కడి నుంచో తిండి పడుతోంది నీళ్ళల్లో అనేవాడు. ఆ రోజుల్లోనే ఆయన నత్తని నత్త అనడానికి తడుముకునేవారు, అదే, ఇల్లు మోసుకు తిరిగేది అనేవారు. ముద్దుగా అంటున్నారనుకుని నవ్వింది. నవ్వింది తను.

భీమడోలులో బండి ఆగింది. అందులో ఏముంది స్టెల్లా. చేపలు. గొంతులో అండీ రాలేదు ఈసారి, ఆయన గమనించినట్టు లేదు, గమనించారేమో. మరి ఎవరు వేస్తున్నారండీ మేత అని, జయంత్ అలా అన్నాక ఒక రోజు తనే ఆయన్ని అడిగింది, తడిచేతులు తుడుచుకుంటూ. ఆయన టార్చి ఆపి, కాసేపు దాని గాజుకేసి చూసి, వెంకటనరసమ్మ వేస్తోందేమో అన్నారు. అంతే అన్నారు. పక్కరోజు వెంకటనరసమ్మని మెత్తగానే అడిగింది, ఈ వైపున ఎవరినైనా మెత్తగానే అడుగుతారు, మెత్తగా అడిగిన మాట కూడా మనిషిని కోసేస్తుంది. ఆమె చీపురు గోడకి ఆనించి నిలబడింది.

"నేను ముట్టుకోలేదండమ్మా. మాస్టారే ఏత్తన్నారు, మాటిమాటికీ. మీరు స్టోరుకి ఎల్లినప్పుడు చూశాను, మూడుసార్లు ఏశారు."

చెప్పింది. పేరు పెట్టి, లెక్క పెట్టి చెప్పింది. వినలేదు తను. తొమ్మిదేళ్ళు తన ఇంట్లో తిరిగిన మనిషి తన తప్పు ఆయన మీద పెడుతోందనిపించి ఒళ్ళు మండిపోయింది, జువాలజీ మాస్టారికి మేత వెయ్యడం రాదా అంది. రేపటి నుంచి రావద్దని కూడా మెత్తగానే చెప్పింది. వెంకటనరసమ్మ అంట్లన్నీ తోమి, గిన్నెలు బోర్లించి, వంటింటి గుడ్డ ఉతికి ఆరేసి మరీ వెళ్ళింది. ఆయన ముందుగదిలో పేపరు చదువుతున్నారు. పేపరు దించలేదు.

ఆగస్టులో జ్వరం వచ్చింది స్టెల్లాకి. ముందుగదిలోనే మంచం వేయించుకుంది, ఫ్యాను అక్కడ బాగా తగులుతుందని, దుప్పటి కప్పుకుని గోడవైపు ఒత్తిగిల్లి పడుకుంది. ఎనిమిదింటికి ఆయన వచ్చారు, డబ్బా మూత తీశారు, చిటికెడు వేశారు, ఆకలేసిందా అమ్మా అని గాజు మీద వేలితో తట్టారు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. చేతులు తుడుచుకుంటూ వచ్చి తొట్టి ముందు ఆగి, డబ్బా మూత తీశారు. ఆకలేసిందా అమ్మా. మూడోసారి జ్వరంలో కల అనుకుంది. నాలుగోసారి తనని ఆట పట్టిస్తున్నారనుకుంది. తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టింది, ఒంటిగంటకి తొమ్మిది. తొమ్మిదిసార్లూ అదే చిటికెడు, పిసరు ఎక్కువ కాదు, పిసరు తక్కువ కాదు, తొమ్మిదిసార్లూ అదే ప్రేమ గొంతులో. దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంది, ఆయనకి వినపడకూడదని. ఏడు నెలలుగా బ్రష్షు పెట్టి తను పీకుతున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. వెంకటనరసమ్మ మూడు అని చెప్పింది. తక్కువే చెప్పింది.

జ్వరం తగ్గాక మంచిగా చెప్పి చూసింది. చెప్పిన మాట నిలవదు కదా. ఒకరోజు ఆయన చెయ్యి డబ్బాలో ఉండగా ఫట్‌మని కొట్టింది, బడిలో కూడా ఏ పిల్లాడినీ అలా కొట్టలేదు. డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది. మూసిన బీరువా ముందు ఆయన అరగంట నిలబడ్డారు, దేనికొచ్చానూ అని ఎవరినో అడుగుతున్నట్టు. మర్నాడు అన్నం మెతుకులు వేశారు, ఆ తర్వాత బిస్కెట్టు, ఆ తర్వాత బీపీ మాత్రలు. నీళ్ళు పాలలా తెల్లబడి ఒక్క రాత్రిలో చేపలన్నీ తేలిపోయాయి, ఈ రెండు తప్ప. ఆయన చచ్చినవాటిని దోసిట్లో పట్టుకుని వీటికి ఎవరూ తిండి పెట్టలేదా అన్నారు. బెజవాడ డాక్టరు చాలాసేపు ప్రశ్నలు అడిగి, బొమ్మలు గీయించి, జబ్బు పేరు చెప్పాడు. ఆయనకి మాత్రం తెలియదమ్మా, మరిచిపోతున్నట్టు వాళ్ళకి తెలియకుండానే జరుగుతుంటుంది, అదొక్కటే దేవుడి దయ అన్నాడు. ఆ మాట పట్టుకుని బతుకుతోంది అప్పటి నుంచి. తెలియదు, పాపం ఆయనకి తెలియదు. బ్రష్షు కింద పెట్టేసి కూర్చున్న సాయంత్రాలు అదే జపంలా అనుకునేది.

వెంకటనరసమ్మ ఇంటికీ వెళ్ళింది, తంగెళ్ళమూడిలో, రేకుల వసారాలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది ఆమె. నాదే పొరపాటు, నువ్వు నిజమే చెప్పావు అంది స్టెల్లా. నాకు తెలుసు గదండీ అంది వెంకటనరసమ్మ, అందులో దెప్పు కూడా లేదు. మాస్టారు అన్నం సరిగ్గా తింటున్నారా అని అడిగింది. మళ్ళీ రమ్మంటే మాత్రం వేరే ఇల్లు కుదుర్చుకున్నానండమ్మా అని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది.

పూళ్ళ దాటాక ఆయన తల మెల్లగా వాలి స్టెల్లా భుజం మీద ఆనింది. హమ్మయ్య, కాసేపు ఆ ప్రశ్న ఉండదు అనుకుంది, అనుకున్నందుకు సిగ్గేసింది. తలనూనె వాసన, పొద్దున్న తనే రాసి దువ్వింది. బకెట్టులో నీళ్ళు టపటపమని మూతకి తగులుతున్నాయి, గాలిపంపు నడుస్తూనే ఉంది, మళ్ళల్లో కొంగలు, కాలవ మీద ఎవరో బట్టలు ఉతుకుతున్నారు, బండి ఇలాగే వెళ్ళిపోతే బాగుణ్ణు, గూడెం రాకుండా, నిడదవోలు రాకుండా, ఈ తల ఇలాగే ఉండి. జయంత్ మంచివాడు, బాగా చూసుకుంటాడు. ఇంటికెళ్ళాక ఆ ఖాళీ తొట్టి ఏం చెయ్యాలో. కైకరం వచ్చింది, వెళ్ళింది. చేబ్రోలులో బండి గట్టిగా కుదిపి ఆగింది, ఆయనకి మెలకువ వచ్చింది. తలెత్తారు. భుజం చూశారు, ఆమె మొహం చూశారు, గబుక్కున పక్కకి జరిగి ఇద్దరి మధ్యా జానెడు చోటు విడిచి, చొక్కా కాలరు సర్దుకున్నారు.

"క్షమించండి. నిద్రలో మీ మీద వాలినట్టున్నాను."

పెళ్ళయిన కొత్తలో ఇలాగే వేళాకోళం చేసేవారని గుర్తొచ్చి నవ్వబోయింది. ఆయన నవ్వట్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరాయి ఆడమనిషి పక్కన మర్యాదస్తుడు కూర్చున్నట్టు కూర్చున్నారు. పెళ్ళిచూపులనాడు అన్న మీరు, మళ్ళీ ఇన్నేళ్ళకి. ఇలాంటి రోజు ఒకటి వస్తుందని డాక్టరు చెప్పాడు. ఎప్పుడో ఇంట్లో, రోగం ముదిరిన ఏ వేళో వస్తుందనుకుంది గానీ, ఇలా పట్టపగలు, చేబ్రోలు స్టేషన్లో, జామకాయల వాసన మధ్య వస్తుందనుకోలేదు.

"పర్లేదండీ," అంది.

బండి కదిలింది. ఆయన కాసేపు మొహమాటపడి, "అందులో ఏముందండీ?" అన్నారు.

"చేపలండీ. ఉప్పునీటి చేపలు."

ఆయన మొహం విప్పారింది. మా ఇంట్లోనూ ఉన్నాయండీ అన్నారు, మేత ఎంత వేస్తారని అడిగారు. చిటికెడు, రోజుకొక్కసారి అని చెప్పింది. అంతే వెయ్యాలి అని తలూపారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"మీరూ చేపలు పెంచేవారు కాబట్టి చెప్తున్నాను. మా తొట్టి నిండా నాచు పట్టేసిందండీ. మా ఆవిడ రోజూ బ్రష్షు పెట్టి పీకుతుంది, పాపం చేతులు ఒరుసుకుపోయాయి. అది నావల్లే."

స్టెల్లా బకెట్టు అంచు పట్టుకుంది.

"మేత వేశానో లేదో గుర్తుండేది కాదు. వెయ్యలేదేమో, ఆకలికి చచ్చిపోతాయేమోనని మళ్ళీ వేసేవాణ్ణి. తర్వాత డబ్బా చూస్తే తరిగిపోయి ఉండేది, అప్పుడు తెలిసేది. ఆవిడకి చెప్పలేకపోయాను. పనిచేసే ఆవిడ వేస్తోందేమో అన్నాను, నోట్లోంచి వచ్చేసింది. ఆవిణ్ణి మాన్పించేసింది మా ఆవిడ."

తెలుసు. ఆయనకి తెలుసు. తను మోచేతుల దాకా నీళ్ళల్లో చేతులు పెట్టి రుద్దుతున్న ఆ నెలలన్నీ, పక్కనే నిలబడి టార్చి పట్టుకుని, ఆ వెలుగు కాస్త వణుకుతుంటే వయసనుకుంది తను, అన్నీ తెలిసి, ఒక్కరే, అదే గదిలో, అడుగు దూరంలో. దేవుడి దయ అన్నాడు డాక్టరు. ఎంత భయపడి ఉంటారో. పేపరు వెనకాల ఆ పొద్దున్న ఎలా కూర్చుని ఉంటారో. చెయ్యి చాపితే అందే మనిషికి కూడా చెప్పుకోలేక, ఇవాళ దారిన పోయే దానికి చెప్తున్నారు.

"ఆవిడకి చెప్పెయ్యాల్సిందండీ," అంది.

"చెబితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. ఆయన ఏదో పేరు పెడతాడు. పేరు పెట్టేశాక ఇంక నన్ను మామూలుగా చూడదు కదండీ."

బాదంపూడి దాటింది బండి. గూడెంలో దిగేవాళ్ళు లేచి సామాన్లు దింపుకుంటున్నారు.

"ఆవిడకి తెలుసండీ."

"తెలుసా?" ఆయన ఆమెకేసి తిరిగారు. "కోప్పడిందా?"

లేదని చెప్పెయ్యొచ్చు. పరాయి మనిషిగా ఒక్క అబద్ధం, ఎవరికీ నష్టం లేదు. కానీ ఆయన నిజం చెప్పారు, ఇన్ని నెలలు మోసి మోసి చెప్పారు.

"కోప్పడింది. ఒకసారి చేతి మీద కొట్టింది కూడా. తర్వాత చాలా ఏడ్చిందండీ."

ఆయన తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నారు, అక్కడేదైనా కనపడుతుందేమోనని.

"కొడితే పర్లేదండీ," అన్నారు. "మామూలుగా చూసినట్టే."

స్టేషన్ వస్తోంది, రైసుమిల్లుల గొట్టాలు, గోడౌన్లు, పట్టాలు రెండు నాలుగై ఎనిమిదయ్యాయి. స్టెల్లా లేవబోతే ఆయన అడ్డుపడి, బరువుగా ఉంటుంది, ఇలా ఇవ్వండి అని బకెట్టు రెండు చేతులా అందుకున్నారు. గొట్టం తెగకుండా ఆమె చేతిసంచి పట్టుకుని వెనకే నడిచింది, ఇద్దరి మధ్యా ఆ సన్నటి గొట్టం, ఆయన చేతుల్లో నీళ్ళు ఒక్క చుక్క తొణకలేదు. ప్లాట్‌ఫారం మీద జయంత్ జనం మధ్య నుంచి చెయ్యి ఊపుతూ వస్తున్నాడు, మాస్టారూ అని పిలుస్తున్నాడు. ఆయనకి ఎవరిని పిలుస్తున్నాడో తెలిసినట్టు లేదు. ముందు తను దిగి, బకెట్టు జాగ్రత్తగా కింద పెట్టి, ఆమె చేతిసంచి కూడా అందుకుని దాని పక్కనే పెట్టి, వెనక్కి తిరిగి, ఎప్పట్లాగే ఆమెకి చెయ్యి చాపారు. చాపిన చెయ్యి సగంలో ఆగింది. ఆమె మొహం చూసి, తప్పు చేసినట్టు చెయ్యి వెనక్కి తీసుకుని, రెండడుగులు పక్కకి జరిగి నిలబడ్డారు.

"మెట్టు ఎత్తుగా ఉంది. చూసుకుని దిగండి," అన్నారు.

స్టెల్లా కమ్మీ పట్టుకుని దిగింది.